హాలాహలమును చిలికినదెవరు? బిడ్డకు త్రాగించినదెవరు?





అష్టావరణములను గూర్చియు, పంచాచారములను గూర్చియు, శరణుల చరిత్రలను గూర్చియు ఈ పుటలలో ప్రసంగించుట వాడుక. ఈ పర్యాయము నేనొక పిల్లవాని శరీరపు బరువును గూర్చి ప్రసంగింపబూనితిని. ధర్మప్రసంగమునకిది తగిన విషయమా యని కొందరికి సంశయము కలుగవచ్చును. దేహమునే దేవాలయముగా భావింపుమని బోధించిన బసవేశ్వరుని అనుయాయులము మనము. పుట్టిన బిడ్డకు లింగధారణ చేసి, ఆ చిన్ని దేహమును శివునికి నెలవుగా నెంచు సంప్రదాయము మనది. అట్టి దేహము పదియేండ్లు నిండకమునుపే బరువెక్కి, మెట్లెక్కలేక ఆయాసపడుచుండగా, అది ధర్మవిషయము గాక మరేమగును?

మొదట నా తప్పును నేను చెప్పుకొనెదను.

నేను చిరకాలముగా తెలుగు బోధించుచున్న ఉపాధ్యాయుడను. పద్యమును తప్పు లేకుండ అప్పగించిన విద్యార్థికి ఒక చాక్లెట్టు బహుమానముగా నిచ్చుట నా అలవాటు. కొన్ని సంవత్సరముల క్రిందట ఆరవ తరగతిలో ఒక బాలుడుండెను. కంఠము మధురము, ధారణ అమోఘము. వారములో నాలుగు దినములు బహుమానము వానిదే. ఆ ఏట పాఠశాలకు వచ్చిన వైద్యుడు పిల్లలనందరిని తూచి, ఈ బాలుని పేరునకెదురుగా 58 కిలోలని వ్రాసి, తల్లిదండ్రులను పిలిపించుడని చెప్పి వెళ్ళెను. నేను దానిని పెద్దగా పట్టించుకొనలేదు. పైగా మరునాడు వాడు పద్యము చదివి చేయి చాచినపుడు, “ఇంకా నీకు చాక్లెట్టెందుకురా? ఇప్పటికే ఇద్దరి బరువున్నావు” అని పరిహాసమాడితిని. తరగతియంతయు గొల్లున నవ్వెను. నేనును నవ్వితిని.

ఆ దినము మొదలు వానికి పద్యములు రావు. అడిగినపుడెల్ల “మరిచిపోయిన సార్” అనుటయే సమాధానము. మధ్యాహ్న భోజనమునకు తోటివారితో పంక్తిలో కూర్చుండుట మానెను. ఒకనాడు నీళ్ళ ట్యాంకు వెనుక ఒంటరిగా కూర్చుండి చిప్సు పొట్లము విప్పుకొని తినుచుండగా చూచితిని. నన్ను చూచి పొట్లమును చొక్కాలో దాచుకొనెను. దొంగతనము చేసినవాడు కూడ అంత భయపడడు.

అప్పుడు తల్లిదండ్రులను పిలిపించితిని. తండ్రి ఆటో నడుపును. తల్లి బట్టలు కుట్టును. నేను గంభీరముగా ఉపన్యాసమారంభించితిని. తల్లి కన్నీరు పెట్టుకొని, “పొద్దుగాల అయిదు గంటలకే మిషన్ ముందర కూసుంట సారూ. వాడు ఏడిస్తే పది రూపాయలిస్త. పొట్లం చేతికొస్తే ఊకుంటడు. నేనేం జెయ్యాలె?” అనెను. తండ్రి కోపముతో, “టీవీల వాళ్ళే చూపిస్తరు, బడి ముంగట దుకాణంల వాళ్ళే అమ్ముతరు, మీరే చాక్లెట్లిస్తరు. మళ్ల మమ్మల్ని అంటరేంది?” అనెను. నాకును కోపము వచ్చెను. మా ముగ్గురి వాదము ముదిరిన సమయమున తలుపు ప్రక్కన నిలిచియున్న బాలుడు లోనికి వచ్చి, “మీరు కొట్లాడుకోకుండ్రి. నేనే తినుడు బంద్ జేస్త” అనెను.

శరణులారా! బాధ్యత ఎవరిదని పెద్దలము ముగ్గురము వాదించుకొనుచుండగా, పదకొండేండ్ల పసివాడు ఆ బాధ్యతను తన నెత్తిన వేసికొనెను. ఈ విషయమున ఏ మాత్రమును దోషము లేనివాడు ఆ గదిలో వాడొక్కడే. వాని మాట నా చెవులలో నేటికిని మ్రోగుచున్నది. ఆ మాటయే ఈ ప్రసంగమునకు ప్రేరణము.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథను చెప్పియున్నాడు. మీరెరిగిన కథయే. ఆ ముగ్ధభక్తురాలు ఒకనాడు శివునికి తల్లి లేదన్న సంగతిని తలచుకొని మిక్కిలి దుఃఖించెను. మంచిచెడ్డలు చూచు తల్లి లేకపోవుటచేతనే స్వామి విషమును సైతము మ్రింగవలసి వచ్చినదని ఆమె వెత. కావున తానే తల్లియై శివుని శిశువుగా నెంచి, నీళ్ళుపోసి, ఒడలు తుడిచి, కడుపు చూచి అన్నము పెట్టి లాలించెను. పండితులు శివుని అనాదియని స్తుతించిరి. ఆ తల్లి మాత్రము ఈ బిడ్డ నోటిలోనికేమి పోవుచున్నదో చూచువారెవరని అడిగెను. భక్తి యనిన అది.

ఆ విషగాథలో రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. సముద్రమును చిలికి విషమును పైకి తెచ్చినవారెవరు? ఇది మొదటి ప్రశ్న. దానిని మ్రింగు వేళ ఆపవలసిన తల్లి ఏది? ఇది రెండవది. బిడ్డల స్థూలకాయమును గూర్చి నేడు లోకమున నడచుచున్న వాదమంతయు ఈ రెండు ప్రశ్నల నడుమనే ఊగుచున్నది. తినుబండారముల కంపెనీలదే తప్పని కొందరు, తల్లిదండ్రులదే తప్పని కొందరు. ఒక్కొక్క ప్రశ్ననే విచారింతము.

వ్యాధి ఎంతటిదో ముందుగా తెలిసికొనవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2022లో 5 మొదలు 19 సంవత్సరముల వయస్సు గలవారిలో 39 కోట్లమందికి పైగా అధికమైన బరువు గలవారు; వారిలో 16 కోట్లమంది స్థూలకాయులు. అదే వయస్సు పిల్లలలో బక్కచిక్కినవారి కంటె స్థూలకాయుల పాలు మించిపోయినదని యునిసెఫ్ 2025లో ప్రకటించినది. మొదటివారు నూటికి 9.2, రెండవవారు 9.4. మన దేశమున ఐదేండ్లలోపు పిల్లలలో అధిక బరువు గలవారు 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 2.1 కాగా, 2019-21 నాటి సర్వేలో 3.4 అయినది. సంఖ్య చిన్నదే, కాని అదే సర్వేలో వయస్సుకు తగిన ఎత్తు ఎదుగని పిల్లలు నూటికి 35.5. అనగా ఒకే వీధిలో ఒక ఇంట ఆకలి, పొరుగింట అజీర్ణము. ఒక్కొక్కప్పుడు రెండును ఒకే ఇంటనుండును. కడుపు నిండిన బిడ్డకును రక్తహీనత యుండవచ్చును, ఏలయన నిండినది కడుపే గాని పోషణము కాదు.

స్థూలకాయమునకు తిండి యొక్కటే కారణము కాదు. వంశలక్షణము, నిద్రలేమి, ఆటలు లేకుండుట, కొన్ని మందులు, అరుదుగా గ్రంథిరోగములు కూడ కారణములగును. బిడ్డను చూచినంతనే తిండిపోతని నిర్ణయించుట అజ్ఞానము. ఐనను ఒక తరములోనే కోట్లమంది పిల్లల శరీరములు మారిపోయినవన్నచో, వంశలక్షణములు ఇంతలో మారలేదు. మారినది వారి చుట్టునున్న లోకము. పెద్దలకు వచ్చెడి మధుమేహము, రక్తపుపోటు, కాలేయమునకు క్రొవ్వు పట్టుట మొదలగునవి పిల్లలలో కనబడుచున్నవి. వీటన్నిటికంటె ముందుగా వచ్చునది తోటివారి పరిహాసము. నా వంటి ఉపాధ్యాయుని పరిహాసము కూడ.

ఇక మొదటి ప్రశ్న: చిలికినదెవరు?

దేవదానవులు క్షీరసాగరమును విషము కొరకు చిలుకలేదు. అమృతము కొరకు చిలికిరి. కంపెనీలవారును పిల్లలను రోగులను చేయవలెనని సంకల్పింపలేదు. వారు కోరునది లాభమను అమృతము. కాని అమృతము తమకును, విషము పరుల బిడ్డలకును చేరు చిలుకుడును ధర్మమని యెట్లందుము? ఎంత తీపి, ఎంత ఉప్పు, ఎంత క్రొవ్వు కలిపినచో నాలుక “ఇంక చాలు” అనకుండునో పరీక్షించి మరీ తయారు చేయుట ఈ వ్యాపారమున ఒక శాస్త్రమైనది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన కెవిన్ హాల్ అను శాస్త్రజ్ఞుని బృందము 20 మంది పెద్దలకు రెండు వారములు కార్ఖానా తిండియు, రెండు వారములు వండిన సహజాహారమును పెట్టి చూచెను. రెండింటను చక్కెర, ఉప్పు, క్రొవ్వు, పీచు సమానముగా నుంచి, కోరినంత తినవచ్చుననిరి. కార్ఖానా తిండి దినములలో వారే, తమకు తెలియకుండగనే, రోజునకు సుమారు 500 క్యాలరీలు అధికముగా తినిరి. వివేకము గల పెద్దలకే “చాలు” అను మాట అంత ఆలస్యముగా తోచినదన్నచో, ఆరేండ్ల బిడ్డకు సంయమము లేదని నిందించుట న్యాయమా?

ఒక 300 మిల్లీలీటర్ల తీపి కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉండును. మనము పైన కలుపుకొను చక్కెర, బెల్లము, తేనె మొదలగువాని శక్తి, దినపు ఆహారశక్తిలో పదింట ఒక వంతు మించరాదని, ఇరువదింట ఒక వంతు లోపలనున్న ఇంకను మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. రోజునకు 1,600 క్యాలరీలు తినెడి బిడ్డకు లెక్క వేసినచో మించరాని హద్దు 40 గ్రాములు, మేలైన హద్దు 20 గ్రాములు. ఒక్క సీసాతోనే మేలైన హద్దు దాటిపోయినది. తరువాత బిస్కెట్టున్నది, జామున్నది, పాలలో కలుపుకొను పొడి యున్నది.

పోనీ, శాస్త్రము తెలియక చేసిరందుమా? అమెరికాలోని చక్కెర వ్యాపారుల సంఘము 1960 దశకమున పండితులకు ధనమిచ్చి, గుండెజబ్బులలో చక్కెర దోషమును తగ్గించి క్రొవ్వుపైకి నెట్టు వ్యాసమును వ్రాయించెను. అది 1967లో ప్రకటితమైనది. పాత కాగితములు పరిశోధకుల చేతికి చిక్కి 2016లో ఆ సంగతి బయటపడెను. దాదాపు ఏబది యేండ్లు లోకమునకు నిజము తెలియకుండెను. తెలిసి దాచిన దోషము తెలియక చేసిన దోషము కంటె గొప్పది. ఇది ఏ శాస్త్రమైనను చెప్పు న్యాయమే.

వారి సమాధానమును కూడ వినవలెను. “మేమెవరిని బలవంతపెట్టలేదు. పొట్లముపై అన్నియు ముద్రించితిమి. కొనువారు తల్లిదండ్రులు, ఎన్నిక వారిది” అని వారందురు. ముద్రించినది నిజమే. చీమ తలంత అక్షరములలో, పెక్కుచోట్ల మన ఊరి తల్లికి రాని భాషలో, పొట్లము వెనుక ముద్రించిరి. ముందు వైపున మాత్రము బొమ్మలు, ఆటగాండ్ర చిత్రములు, లోపల ఆటవస్తువు ఉచితమను ఆశ. తల్లికి చెప్పవలసినది వెనుక, బిడ్డను పిలువవలసినది ముందు! ప్రకటనలోని మాట తనను కొనిపించుటకై చెప్పబడుచున్నదను వివేకము పసిబిడ్డకుండదు. ఆ వివేకము లేని వయస్సు చూచి గాలము వేయుట ఎన్నికకు అవకాశమిచ్చుట యెట్లగును?

దక్షిణ అమెరికాలోని చిలీ దేశము 2016లో ఒక శాసనమును అమలు చేసెను. చక్కెర, ఉప్పు, క్రొవ్వు, క్యాలరీలు మితిమీరిన పొట్లము ముందు భాగముననే నల్లని అష్టకోణపు హెచ్చరిక ముద్రింపవలెను; అట్టి పొట్లములపై పిల్లలను ఆకర్షించు బొమ్మలుండరాదు; పాఠశాలలలో వాటిని అమ్మరాదు. మెక్సికో దేశము 2014 నుండి తీపి పానీయములపై ప్రత్యేక పన్ను వేసెను. మన దేశమున ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో చేసిన నియమముల ప్రకారము, క్రొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గల పదార్థములను పాఠశాల ఆవరణలోను, దాని ద్వారమునుండి 50 మీటర్ల లోపలను పిల్లలకు అమ్మరాదు, ప్రకటింపరాదు. నియమమున్నది. మీ ఊరి బడి ద్వారమునుండి 50 మీటర్లు నడచి చూడుడు, దాని అమలు కంటికి కనబడును. ప్రభుత్వపు చేతులును రెండు విధములుగా ఆడుచున్నవి. 2025 సెప్టెంబరు 22 నుండి తీపి కూల్‌డ్రింకులపై పన్ను నూటికి 40 అయినది. అదే దినమున బిస్కెట్లు, చాక్లెట్లు, నమ్‌కీనులపై పన్ను 5కు దిగినది.

ఇచట ఒక కఠినమైన మాట చెప్పవలసియున్నది. మన సమాజమున వర్తకులు పెక్కుమంది. బడి ముందరి దుకాణము మనవారిదే కావచ్చును. ఆ కంపెనీ సరకునకు జిల్లా ఏజెంటు మనవాడే కావచ్చును. బసవేశ్వరుడు కాయకమును కైలాసముతో సమానముగా నిలిపెను. ఏ పని చేసినను కాయకమగునా? కాదు. పరులకు కీడు చేయనిదై, న్యాయమైన ప్రతిఫలముతో తృప్తినొందునదై, మిగిలినది దాసోహమునకు పోవునదైననే కాయకము. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథను తలచుకొనుడు. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వండి, జంగములకు పెట్టి తాము భుజించుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము కంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికము మనకెందుకు, ఇది ఆశయే గాని కాయకము గాదని మందలించి, తెచ్చిన చోటనే పోసి రమ్మని మగనిని పంపెను. దొంగిలించినది గాదు, రాలిన బియ్యమే. ఐనను చాలినంతకు మించినది ఆమె గడప దాటలేదు.

ఈ కథ వర్తకునికెంత వర్తించునో తల్లిదండ్రులకును అంత వర్తించును. దీనితో రెండవ ప్రశ్నకు వచ్చుచున్నాము. మ్రింగు వేళ తల్లి ఏది?

ముందుగా ఒక సవరణ. “తల్లి” అనగా ఆడుది మాత్రమే యని అర్థము చేసికొనరాదు. బిడ్డ లావైనచో అత్తయు, మగడును, ఇరుగుపొరుగును, కొన్నిచోట్ల వైద్యుడును వేలు చూపునది తల్లివైపే. తండ్రి సాయంకాలము పొట్లము తెచ్చి ముద్దు చేయును. తాత నాణెము చేతిలో పెట్టును. అమ్మమ్మ “ఇంకొక్కటి” అని కొసరును. నింద మాత్రము వండి వడ్డించునామెది. ఇది అన్యాయము. బెజ్జమహాదేవి చూపినది తల్లితనమును. అది ఇంటనున్న ప్రతి పెద్దకును విధియైన ధర్మము.

పేదరికమును, తీరిక లేమిని మరువరాదు. తెల్లవారక మునుపే పనికి కూర్చుండు తల్లికి జొన్నరొట్టె కొట్టి, పప్పు వండి, డబ్బా కట్టుటకు గంట కావలెను. పొట్లము విప్పుటకు క్షణము చాలును. ఐదు రూపాయలకు చిప్సు పొట్లము ఏ మూలనైనను దొరకును. ఐదు రూపాయలకు ఆపిలు పండులో సగమైనను రాదు. పిల్లలాడుకొను మైదానములు ప్లాట్లయినవి. అట్టి తల్లిని నిలబెట్టి ఉపన్యసించుట నేను చేసిన రెండవ తప్పు.

ఐనను, శరణులారా, ఇంతటితో మనము విముక్తులము కాము. కంపెనీవాడు గోడ దూకి మన వంటయింటికి రాలేదు. తలుపు తీసినది మన చేయి. బిడ్డ ఏడుపును మాన్పుటకు, మనకు తీరిక సంపాదించుకొనుటకు, పొరుగువారి యెదుట ఘనతకు, లావైన బిడ్డయే బలమైన బిడ్డయను పాత నమ్మకమునకు, మనమే ఆ పొట్లమును చేతికిచ్చితిమి. ఇతరులు చిలికిరన్న కారణమున త్రాగించిన చేతికి దోషము తొలగదు. తీరిక లేనివారి మాట యట్లుండ, అన్ని వసతులు గల ఇండ్లలో కూడ, పెద్దలు టీవీ ముందు పొట్లములు నమలుచు, బిడ్డకు మాత్రము మితాహారము బోధించుట చూచుచున్నాము. ఆచారము లేని బోధ బిడ్డ చెవికెక్కదు.

మనది ప్రసాదమార్గము. లింగమునకు సమర్పింపక ఏదియు భుజింపరాదని గురువు బోధించెను. సమర్పణమనగా చేయి త్రిప్పి నోట వేసికొనుట కాదు. ఒక్క క్షణము ఆగుట. ఇది ఎచటిది, ఎట్లు వచ్చినది, దీనిని నా స్వామి యెదుట పెట్టగలనా యని తలచుట. ఆ ఒక్క క్షణపు ఆగుటలోనే సగము వివేకమున్నది. ప్రకటనకారుడు భయపడునది ఆ ఒక్క క్షణమునకే. చూచినంతనే చేయి సాగవలెనని వాని కోరిక. దినమునకొక్క పూటయైనను ఇంటిల్లిపాదియు ఫోను, టీవీ కట్టిపెట్టి, బిడ్డలతో పంక్తిలో కూర్చుండి, సమర్పించి, మెల్లగా భుజించినచో, ఆ ఇంట ప్రసాదమున్నదని చెప్పవచ్చును.

మూడవ బాధ్యులును కలరు. కంపెనీ, తల్లిదండ్రులు అని ఇద్దరినే బోనులో నిలబెట్టి మిగిలినవారము ప్రేక్షకులమై కూర్చున్నాము. నేను చెప్పితిని గదా, చాక్లెట్టు ఇచ్చినది నేను. బసవజయంతి ఊరేగింపులలో పూర్వము పానకము, మజ్జిగ పంచెడివారము. ఇప్పుడు కొన్నిచోట్ల కూల్‌డ్రింకు సీసాలు పంచుచున్నాము. ఎండలో నడచిన పిల్లలు దానిని ప్రసాదమని కన్నులకద్దుకొని త్రాగుచున్నారు. అన్నదానమని పేరు పెట్టి అర్థరూపాయి విలువ లేని పోషణమును ఇచ్చినచో అది దాసోహమా? తుమకూరు సిద్ధగంగా మఠమును చూడుడు. 2019లో 111 ఏండ్ల వయస్సున లింగైక్యులైన శ్రీ శివకుమార స్వాములవారు జాతిమతభేదము లేక వేలాది పేదపిల్లలకు అన్నము, అక్షరము, ఆశ్రయము నొసగిరి. ఆ పంక్తిలో వడ్డింపబడినది రాగిముద్ద, సాంబారు, అన్నము. ఆడంబరము లేదు; బిడ్డ ఎముక గట్టిపడుటకు కావలసినది కలదు. దాసోహమనగా ఇచ్చువాని ఘనత గాదు, పుచ్చుకొనువాని హితము. ఆంధ్రప్రదేశ్ బడులలో 2023 మార్చిలో పిల్లలకు రాగిజావ పోయనారంభించినపుడు ఎందరో తల్లులు సంతోషించిరి. సమాజము తలపెట్టినచో మార్గమున్నదనుటకు ఇవి నిదర్శనములు.

ఇక తీర్పు చెప్పవలెను. ఎవరి బాధ్యత ఎంత?

మనము బాధ్యతను పిత్రార్జిత భూమివలె పంచుకొనజూచుచున్నాము. కంపెనీ వాటా పెరిగిన నా వాటా తగ్గునని ఒకరు, తల్లిదండ్రుల వాటా పెరిగిన మా వాటా తగ్గునని మరియొకరు. బాధ్యత అట్టి ఆస్తి గాదు. పంచినకొలది తరుగదు. విషమును తెలిసి చిలికినవాని దోషము, తల్లి ఏమరుపాటు వలన గింజంతయు తగ్గదు. తల్లి ధర్మము, చిలికినవాని దోషము వలన గింజంతయు తొలగదు. ఎవరిది వారికి సంపూర్ణముగానే యున్నది. అయితే ఎవరిని ముందుగా నిలదీయవలెనన్న ప్రశ్నకు నా సమాధానము స్పష్టము: ఎవనికెక్కువ తెలిసినదో, ఎవని చేతిలో ఎక్కువ బలమున్నదో, వానినే ముందు. ఆ వరుసలో కంపెనీవారు మొదట, పాలకులు పిదప, ఆ వెనుక మఠములు, బడులు, వర్తకులు, తరువాత తల్లిదండ్రులు. బిడ్డ ఆ వరుసలో లేనే లేడు. కాని ఎవరు ముందుగా పని మొదలిడవలెనన్న ప్రశ్నకు సమాధానము వేరు: ఎవరు బిడ్డకు మిక్కిలి దగ్గరగా నున్నారో వారు. శాసనములు వచ్చువరకు బిడ్డ ఆకలి ఆగదు. బెజ్జమహాదేవి దేవదానవులతో వ్యాజ్యమాడుటకు పోలేదు. బిడ్డను ఒడిలోనికి తీసికొనెను.

కావున మన సమాజమునకు నా విన్నపములు స్వల్పము. మఠములలోను, జయంతులలోను కూల్‌డ్రింకులు, పొట్లములు పంచుట మానుదము. మజ్జిగ, అరటిపండు, వేయించిన శనగలు పంచుదము. బడికి చేరువనున్న మన వర్తకులు ముందు వరుసలో వ్రేలాడదీసిన పొట్లములను తొలగించి, పల్లీలు, పుట్నాలు, ఋతువునకు దొరకు జామపండ్లు, రేగుపండ్లు ఉంచుదురు గాక. లాభము కొంత తగ్గును, కాయకము నిలుచును. పొట్లముల ముందు భాగమున స్పష్టమైన హెచ్చరికను మన భాషలో ముద్రింపవలెనని, 50 మీటర్ల నియమమును అమలు చేయవలెనని అధికారులకు మఠముల పక్షమున వినతిపత్రములు పంపుదము. ఇంటిలో బిడ్డకొక వంట, పెద్దలకొక వంట వలదు. మారవలసినచో ఇల్లంతయు మారవలెను. ఎదుగుచున్న బిడ్డను పస్తులుంచరాదు. వైద్యుని సలహా లేక తిండి కోసివేయరాదు. అన్నిటికంటె ముఖ్యము, బిడ్డ శరీరమును గూర్చి ఎవరును, ఎన్నడును పరిహసింపరాదు. అవమానముతో ఏ దేహమును తేలిక కాలేదు. ఆ దేహములోని జీవుడు మాత్రము బరువెక్కును.

ఆ బాలుని సంగతి చెప్పి ముగించెదను. మరునాడు తరగతిలో అందరి యెదుట వానిని క్షమింపుమని అడిగితిని. చాక్లెట్ల డబ్బాను ఇంటికి తీసికొనిపోయి, నాటినుండి పెన్సిళ్ళు, చిన్న పుస్తకములు బహుమానముగా నిచ్చుచున్నాను. వాని తల్లితో ఉపన్యాసము మాని, ఏమి చేయవీలగునని అడిగితిని. రాత్రియే పల్లీలు వేయించి పొట్లము కట్టియుంచెదననెను. తండ్రి సాయంకాలము ఒక్క అరగంట ఆటో నిలిపి కొడుకుతో నడచుటకు ఒప్పుకొనెను. వైద్యుడు చెప్పినట్లు, బరువు తగ్గింపజూడక, ఎత్తు పెరుగుచుండగా బరువును నిలువనిచ్చితిమి. అద్భుతమేమియు జరుగలేదు. ఏడాది తరువాతను వాడు తరగతిలో లావైన బాలుడే. కాని ఆ ఏడాది ఒకనాడు, నేను పిలువకుండగనే లేచి నిలుచుండి పద్యమునందుకొని చివరి పాదము వరకు తడబడక చదివెను. ఎవ్వరును నవ్వలేదు. వాడు మరచిపోలేదు, మాకొరకు ఇంతకాలము వేచియుండెను.

మనకొరకు వేచియున్న అట్టి బిడ్డలు ప్రతి ఇంటను, ప్రతి బడిలోను కలరు. వారి బరువును వారి నెత్తిన వదలక, ఎవరి పాలు వారము ఎత్తుకొందము. అదియే వారికి మనము పెట్టవలసిన ప్రసాదము.

శరణు శరణార్థి.